అరిట్ టీచర్ ఇల్లు వెళ్ళిన దారి

అరిట్ ఒకోరీకి నలభై ఎనిమిదేళ్లు. సాయంత్రం బడి నుంచి రాగానే మెట్టురాయిని ఈడ్చి గుమ్మం కిందికి చేర్చుకోవడం ఆమెకు అలవాటు.

రాయి ఎక్కడికీ పోదు. పోయేది ఇల్లే. పొద్దున ఆమె తాళం వేసేటప్పుడు గుమ్మాన్ని ఆనుకుని ఉన్న రాయి సాయంత్రానికి జానెడు వెనకబడి ఉంటుంది. సంత రోజైతే మూరెడు. ఆమె చేతిసంచీ గోడకి ఆనించి, నడుముకి చుట్టుకున్న గుడ్డ మోకాళ్ల దాకా ఎగదోపుకుని, రాయిని రెండు చేతులా లాక్కొచ్చి, దాని మీద కాలు పెట్టి లోపలికి వెళ్తుంది. ఆ తర్వాతే పొయ్యి వెలిగిస్తుంది.

నైజీరియాలోని ఉముయేకే ఊళ్లో బయటి రాష్ట్రం వాళ్ల ఇళ్లు అలాగే జరుగుతాయి. "మీ ఊరికి ఎప్పుడు వెళ్తున్నావు?" అని ఎవరైనా అడిగితే చాలు, ఆ అడిగించుకున్న మనిషి ఇల్లు ఆ మనిషి తండ్రి ఊరున్న దిక్కుకి కాస్త జరుగుతుంది. అడిగేవాళ్లకి చెడ్డ ఉద్దేశం ఉండనక్కర్లేదు. తుమ్మితే చిరంజీవ అన్నంత మామూలుగా అడుగుతారు. డిసెంబర్ వస్తే మరీను. క్రిస్మస్‌కి ఎవరి తండ్రి ఊరికి వాళ్లు చేరడం అక్కడి ఆచారం కాబట్టి, ఆ నెలంతా ఊళ్లో పలకరింపంటే అదొక్కటే. జనవరికల్లా బయటివాళ్ల ఇళ్లన్నీ తలా ఒక దిక్కు పదేసి బారలు జరిగిపోయి, ఊరు దువ్వని తలలా ఉంటుంది.

యొరుబా దర్జీ ఫోలాకే ఇల్లు అలా జరిగి జరిగి బస్సుల స్టాండు చేరింది. గిరాకీ పెరిగిందని ఆమె ఏమీ అనుకోలేదు. ఉత్తరాది నుంచి వచ్చి సంతలో పుల్లలకి గుచ్చిన మాంసం కాల్చి అమ్మే బావా అనే అతని ఇల్లు మాత్రం ఇరవై ఏళ్లుగా అంగుళం కదల్లేదు. అతన్ని ఎవరూ అడగరు. అతను వెళ్లిపోతే మాంసం ఎవరు కాలుస్తారు? పనికొచ్చేవాణ్ణి ఏ ఊరు అని అడిగే అలవాటు ఏ ఊరికీ లేదు.

అరిట్ ఇబిబియో జాతి పిల్ల. పక్క రాష్ట్రంలో, ఇకోట్ ఎసియెన్‌లో పుట్టింది. ఉముయేకే ఇగ్బోల ఊరు. ఆ ఊరి ఒకోరీని పెళ్లి చేసుకుని వచ్చింది. ఒకోరీ బతికున్నన్నాళ్లూ ఆ ఇల్లు కదల్లేదు, ఎందుకంటే అది అతని ఇల్లు. ఊరి మగవాడి ఇంట్లో ఉన్న ఆడదాన్ని ఏ ఊరని అడిగే పని ఎవరికీ ఉండదు, ఆమె పేరే సరిగ్గా అడగరు. వంశంలో చిన్నా పెద్దా అందరూ ఆమెను "మన కోడలు" అనేవాళ్లు. ఎవరింట్లో చావు జరిగినా కోడళ్ల సంఘం వాళ్లు వచ్చి, "మన కోడలా, నీ వంతు రెండు కుండల పులుసు, వాకిలి ఊడవడం" అని చెప్పి వెళ్లేవాళ్లు. ఆమె బడికి సెలవు పెట్టి వండేది, ఊడ్చేది.

ఒకోరీ పోయాడు. పిల్లల్లేరు. కొడుకు ఉండి ఉంటే ఆ ఇంటికి నాలుగు మూలలా మేకులు దిగి ఉండేవి. ఏడాది మైల తీరిన మర్నాడు, మరిది న్వాంక్వో నల్లబట్టలు విప్పించే తంతుకి వచ్చి, తాటికల్లు తాగి, మూతి తుడుచుకుని, "మరి మీ పుట్టింటికి ఎప్పుడు వెళ్తున్నావు, మన కోడలా?" అని అడిగాడు. ఇల్లు మొదటిసారి కదిలింది. గోడకున్న ఒకోరీ ఫొటో పక్కకి ఒరిగింది. ఇల్లు ఖాళీ చేసిన జానెడు నేలలో వారం తిరక్కుండా న్వాంక్వో కర్రపెండలం నాటాడు. అప్పట్నుంచీ ఇల్లు ముందు, కర్రపెండలం వెనక.

బడి మాత్రం ఆమె చేతిలోనే ఉంది. ఒకటో తరగతి. పంతొమ్మిదేళ్లుగా అదే గది, అదే పగిలిన నల్లబల్ల. పిల్లలంటే ప్రాణమని సభల్లో చెప్పే టీచర్ల లాంటిది కాదు అరిట్. పిల్లలు అరుస్తారు, ముక్కులు కారుస్తారు, సుద్దముక్కలు తింటారు. ఆమె అలిసిపోతుంది. కానీ ఆ ఉద్యోగం ఆమెకు మొగుడి వల్ల రాలేదు, తండ్రి వల్ల రాలేదు. ఆమె తినే తిండి దాని మీదే. ఇల్లు ఎంత జరిగినా బడి దాకా నడవగలిగితే చాలనుకునేది. మొదట్లో బడికి ఐదు నిమిషాలు, ఇప్పుడు అరగంట.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక రాష్ట్రం కొత్త ఉత్తర్వు తెచ్చింది. బయటి రాష్ట్రాల వాళ్లు చేస్తున్న ప్రభుత్వ ఉద్యోగాలు ఖాళీ చేసి, ఇక్కడి బిడ్డలకి ఇవ్వాలని. రేడియోలో రెండుసార్లు చదివారు. నైజీరియాలో మనిషికి రెండు ఊళ్లుంటాయి, బతికే ఊరూ తండ్రి ఊరూ. ఉద్యోగం ఇచ్చేది రెండోదాన్ని చూసి.

సంతలో ఆ రోజంతా అదే మాట. ఎర్ర పామాయిల్ నూనే బెండకాయలూ అమ్మే ఆవిడ అంది, మన పిల్లలు డిగ్రీలు చేతబట్టుకుని ఎండలో ఫోన్ కార్డులు అమ్ముకుంటుంటే బయటివాళ్లు నీడలో కూర్చుని జీతాలు తినడం ఏం న్యాయమని. పక్కన ఎండుచేపలావిడ, పాపం టీచరమ్మ మంచిదే కదా అంది.

"మంచిదే. ఎవరు కాదన్నారు? మంచిదైతే స్వర్గానికి పోతుంది. ఉద్యోగానికేం?" అంది నూనె ఆవిడ.

అరిట్ అక్కడే నిలబడి బెండకాయలు ఏరుకుంటోంది. వాళ్లేమీ గొంతు తగ్గించలేదు. కాయలు కట్టి ఇస్తూ నూనె ఆవిడ, రెండు ఎక్కువే వేసి, ఎంతో జాలిగా అడిగింది, "ఇంక మీ ఊరికి ఎప్పుడు వెళ్తున్నావమ్మా?"

ఆ సాయంత్రం మెట్టురాయి నాలుగు బారలు వెనక ఉంది.

హెడ్మాస్టర్ ఇహేమే ఆమెను గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. పంతొమ్మిదేళ్లలో ఆమెకు ఆయన కుర్చీ చూపించడం అదే మొదలు. చేతులు నలుపుకుంటూ, తన చేతుల్లో ఏమీ లేదని, పైవాళ్ల మాట అని, అయితే ఒక దారి ఉందని చెప్పాడు. భర్త ఈ నేలవాడే కాబట్టి, వంశం పెద్ద ఎవరైనా మండలాఫీసుకు వచ్చి ఈమె మా మనిషే అని నోటితో చెబితే పేరు తీసేయకుండా ఉంచవచ్చు.

ఆమె న్వాంక్వో దగ్గరికి వెళ్లింది. అతను కర్రపెండలం దుంపలు తవ్విస్తున్నాడు.

"బాబూ, ఒక్క మాట సాయం. మీ ఇంటి కోడల్నని ఆఫీసులో చెప్పు. అంతకంటే ఏమీ అడగను."

"కోడలివే. ఎవరు కాదన్నారు? అన్నయ్య ఉన్నన్నాళ్లూ కోడలివే."

"మొన్న మీ పెద్దమ్మ చచ్చిపోతే పులుసు వండింది ఎవరు? అప్పటికి మీ అన్నయ్య పోయి ఆరేళ్లు."

న్వాంక్వో నవ్వాడు. మనిషి చెడ్డవాడు కాదు, అతనికి నేల కావాలి. "పులుసు వేరు, కాగితం వేరు. కొడుకుంటే వాడి చెయ్యి పట్టుకుని నేనే తీసుకెళ్దును. లేడు. చుట్టం చూపుగా వచ్చినావిడ ఎన్నాళ్లుంటే మాత్రం ఇంటిమనిషి అవుతుందా? చెప్పు, ఎప్పుడు వెళ్తున్నావు?"

ఆమె ఇంటికి వెళ్లేసరికి ఇల్లు ఊరి చివరి కల్లు దుకాణం దాటి రోడ్డు పక్కకి వచ్చింది. మెట్టురాయిని అంత దూరం లాగడం కష్టమైంది. సగం దారిలో వదిలేసి, గడప ఎత్తుగా ఉన్నా సరే అని చేత్తో పట్టుకుని ఎక్కింది.

నెలాఖరుకి ముందు రోజు ఒలన్మా వచ్చింది. ఆ పిల్ల అరిట్ దగ్గరే అక్షరాలు దిద్దింది. కళాశాల చదువు ముగించి ఐదేళ్లుగా స్టాండులో గొడుగు కింద ఫోన్ కార్డులు అమ్ముతోంది. అరిట్ ఉద్యోగం ఆ పిల్లకి వచ్చింది. గుమ్మంలో నిలబడి ఏడ్చింది.

"ఆంటీ, నేను అడగలేదు. వాళ్లే పిలిచారు. వద్దంటే ఇంకొకరికి ఇస్తారు. మా అమ్మ మోకాళ్లు చూశారుగా, ఇంక బుట్ట మోయలేదు."

"వద్దనకు. వద్దంటే నాకేమన్నా తిరిగి ఇస్తారా? కూర్చో, పులుసు తింటావా?"

పొయ్యి మీద బెండకాయ పులుసు ఉడుకుతోంది. అరిట్ రెండు పళ్లేలు తీసింది. నల్లబల్ల కుడిమూల పగిలి ఉంటుంది, అక్కడ రాయకు, సుద్ద జారుతుంది అని చెప్పింది. వెనక బెంచీలో కూర్చునే కవలలిద్దరినీ విడదీయకు, విడదీస్తే ఇద్దరూ చదవరు అని చెప్పింది. ఒలన్మా తలూపుతూ తింది. కడుపు నిండాక ఏడుపు తగ్గింది. చేతులు కడుక్కుని, గుండెలోంచి వచ్చిన దిగులుతోనే అడిగింది, "మరి మీరు... మీ ఊరికి వెళ్లిపోతారా ఆంటీ? ఎప్పుడు?"

ఇల్లు ఒక్కసారిగా కుదుపుతో ముందుకి దూకింది. కుండ ఒరిగి పులుసు నేల మీద పారింది. ఒలన్మా గోడ పట్టుకుంది. అరిట్ ఒక గుడ్డ తీసుకుని కిందికి వంగింది.

"నీ దిగులు బరువెక్కువ తల్లీ," అంది తుడుస్తూ. "పగతో అడిగినవాళ్లు మూరెడు జరిపారు. నువ్వు పాతిక బారలు జరిపావు. దిగు, నీ చెప్పులు అక్కడెక్కడో ఉండిపోయాయి."

ఆ తర్వాత పరామర్శలు మొదలయ్యాయి. ఉద్యోగం పోయిందంటే చావింటికి వచ్చినట్టే వస్తారు అక్కడ. కోడళ్ల సంఘం వచ్చింది, చర్చి వాళ్లు వచ్చారు, పాత పిల్లల తల్లులు వచ్చారు. ప్రతివాళ్లూ తలూపి, అదే మాట అడిగి లేచారు. మూడు రోజుల్లో ఇల్లు పెద్దరోడ్డు ఎక్కింది. తూర్పుగా వెళ్తూనే ఉంది. ఒకాడాలనే మోటారు సైకిల్ టాక్సీల వాళ్లు హారన్ కొట్టి పక్కనుంచి తప్పుకున్నారు. అరిట్ కిటికీ దగ్గర కూర్చుని కందదుంప చెక్కు తీసింది. రోడ్డు మీద పోలీసు ఆపి, గోడ మీద కర్రతో కొట్టి, కాగితాలు చూపించమన్నాడు. ఇంటి కాగితాలు మరిది దగ్గర ఉన్నాయంటే, అరటిపళ్ల గెలలోంచి రెండు తెంపుకుని వదిలేశాడు.

అలా ఆమె ఇకోట్ ఎసియెన్ చేరింది. ఇల్లు వెళ్లి తమ్ముడు ఇమే చేమదుంపల మడి పక్కన ఆగింది. ఇమే చూసి, మడి తొక్కనందుకు సంతోషించాడు. మరదలు ఆకుకూరా ఎండురొయ్యలూ వేసి అఫాంగ్ పులుసు వండిపెట్టింది. అరిట్ చాలా ఏళ్లకి కడుపునిండా తన భాష మాట్లాడింది. కొన్ని మాటలు మర్చిపోయింది, మధ్యలో ఇగ్బో దొర్లింది. మరదలు నవ్వింది.

మర్నాడు అక్కడి విద్యాశాఖకి వెళ్లి ఉద్యోగం అడిగింది. కిటికీ వెనక గుమస్తా పేరు చూశాడు. "ఒకోరీ. ఇగ్బో పేరు కదమ్మా. పెళ్లయిన ఆడది మొగుడి రాష్ట్రానికి చెందుతుంది. అక్కడ అడుగు."

"అక్కడ నేను తండ్రి రాష్ట్రానికి చెందుతానంటున్నారు."

"అది వాళ్ల తప్పు. మేమేం చేస్తాం? మా పిల్లలే ఖాళీగా తిరుగుతున్నారు. వాళ్లని కాదని ఇగ్బోలావిడకి ఇస్తే నా ఇంటికి నిప్పు పెడతారు."

"నేను పుట్టింది ఇక్కడే. మా నాన్న సమాధి మీకు తెలుసు, చర్చి వెనక."

"ఆయనకి మా నమస్కారాలు," అన్నాడు గుమస్తా, తర్వాతి మనిషిని పిలుస్తూ.

ఆ రాత్రి తమ్ముడు చాలాసేపు గొంతు సవరించుకున్నాడు. మడి వెనక ఖాళీ జాగా పెద్దకొడుక్కి అనుకున్నానని, వాడికి పెళ్లి చేయాలని చెప్పాడు. తర్వాత ఎంతో మర్యాదగా, "అక్కా, మరి నీ అత్తగారి ఊరికి ఎప్పుడు వెళ్తున్నావు?" అన్నాడు. ఇల్లు పడమటి వైపు తిరిగింది. అరిట్ పడుకునే ఉంది, లేవలేదు. ఇల్లు ఎటు పోతోందో తెలుసుకోవడం మీద ఆమెకు ఆసక్తి పోయింది.

తెల్లారేసరికి రెండు రాష్ట్రాల సరిహద్దు చేరింది. ఇటు ఒక రాష్ట్రం స్వాగతం బోర్డు, అటు ఇంకో రాష్ట్రం స్వాగతం బోర్డు, మధ్యలో ఓ రెండు ఫర్లాంగుల రోడ్డు. అది ఎవరిదో తేలక ఎవరూ తారు వేయలేదు. గుంతలు మోకాలి లోతు. లారీలు, బస్సులు అక్కడికి వచ్చి ముసలివాళ్లలా నడుస్తాయి. అందుకే అక్కడ రెండు వైపుల ఆడవాళ్లూ చేరి ఉడికించిన వేరుశనగ, వేయించిన అరటి, నీళ్ల ప్యాకెట్లు అమ్ముతారు. ఇల్లు ఒక మామిడి చెట్టు పక్కన ఆగింది. వెనకనుంచి తోసే మాటా, ముందునుంచి తోసే మాటా అక్కడికి వచ్చి సరిసమానమయ్యాయి కాబోలు.

గుంతల దగ్గర ఎవరూ ఎవర్నీ ఊరు అడగరు. ధర అడుగుతారు. అరిట్ కూడా అరటి వేయించి అమ్మింది. చేతులు కాలాయి, అలవాటైంది. వేరుశనగలమ్మే అఫియోంగ్ అనే ఆవిడ రెండో రోజే తన పిల్లని తెచ్చి ఆమె అరుగు మీద కూర్చోబెట్టింది. "నీ నీడలో ఉండనీ. బస్సుల కింద పడుతుందని నాకు భయం. అల్లరి చేస్తే ఒకటి వెయ్యి." ఆ పిల్ల ఒక లారీ ముందు పెద్ద అక్షరాలతో ఏం రాసుందని అడిగింది. అరిట్ చెప్పింది. మర్నాడు ఇంకో లారీ. వారం తిరిగేసరికి అరుగు మీద పన్నెండు మంది పిల్లలు కూర్చుని వచ్చే లారీలన్నీ చదువుతున్నారు. అరిట్‌కి ఇదేమీ ఆనందంగా లేదు. నూనె మాడిపోతోందని విసుక్కునేది. కానీ వెళ్లిపొమ్మని అనలేదు.

డిసెంబర్ రెండో వారంలో హెడ్మాస్టర్ ఇహేమే మోటారు సైకిల్ మీద వచ్చాడు. ప్యాంటు నిండా ఎర్రదుమ్ము. చేతిలో, మర్యాదకి విరిచి ఇచ్చే కోలా కాయ.

ఒలన్మా ఇప్పుడు బడిలో లేదన్నాడు. కాలబార్ కుర్రాణ్ణి చేసుకోబోతోంది. పక్క రాష్ట్రం మొగుడు వస్తే ఉద్యోగం ఉండదని ముందే చెప్పారట, తనే మానేసింది. ఒకటో తరగతిలో ఎనభై మంది పిల్లలు, చూసే దిక్కు లేదు. పైవాళ్లు ఉత్తర్వు కాస్త సడలించారు. భర్త ఈ నేలవాడైతే చాలట, బతికున్నా పోయినా. అయితే ఆమె ఆ రాష్ట్రంలో ఉండాలి.

"బడి వెనక నా సొంత జాగా ఉంది టీచరమ్మా," అన్నాడు. "మీ ఇల్లు అక్కడ పెట్టుకోండి. న్వాంక్వోకి సంబంధం లేదు. ఆ రోజు మిమ్మల్ని గదిలోకి పిలిచాక నేను మూడు రాత్రులు నిద్రపోలేదు. మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. రండి."

కోలా కాయ విరిచి ఆమె చేతిలో పెట్టాడు. ఆడవాళ్ల చేతిలో ముందుగా పెట్టడం అక్కడ లేదు. ఆయన పెట్టాడు. నేల సొంతమైనవాడు మనసులోంచి రమ్మంటే ఇల్లు వెనక్కి వస్తుందని ఊళ్లో అందరికీ తెలుసు, ఆ మాట అనేవాళ్లే తక్కువ. ఇల్లు మెల్లిగా కదిలింది. పడమటి వైపు. మామిడి చెట్టుని దాటింది. అరుగు మీది పిల్లలు కిందికి దూకి పక్కన నడిచారు. అఫియోంగ్ బుట్ట పట్టుకుని చూస్తూ నిలబడింది. ఎనభై మంది అరుపులు, పగిలిన నల్లబల్ల, నెల తిరిగితే జీతం. ఆమె మూకుడు దించి సర్దబోయింది. ఇంటి ముందుగోడ స్వాగతం బోర్డు దాటింది.

హెడ్మాస్టర్ సంతోషంగా ప్యాంటు దులుపుకున్నాడు. మోటారు సైకిల్ ఎక్కాడు. డిసెంబర్ నెల కదా. ఊళ్లో ఏ పెద్దమనిషైనా సెలవు తీసుకునేటప్పుడు అనే మాటే, అంత ఆప్యాయంగానూ అన్నాడు. "సరే మరి, దారిలో జాగ్రత్త. క్రిస్మస్‌కి మీ ఊరికి ఎప్పుడు వెళ్తున్నారు?"

ఇల్లు ఆగింది. వచ్చిన దారినే వెనక్కి జరిగి, మామిడి చెట్టు పక్కన కూర్చుంది.

ఆయన నాలుక కరుచుకున్నాడు. ముఖం చూడలేక హ్యాండిల్ చూశాడు. "క్షమించండి. నా ఉద్దేశం... మళ్లీ పిలుస్తాను, ఉండండి."

పిలిచాడు. మనసులోంచే పిలిచాడు, కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. ఇల్లు మళ్లీ కదలబోయింది.

"ఆపండి సార్," అంది అరిట్. "పొయ్యి మీద నూనె ఉంది, పిల్లలున్నారు."

"ఇంకెప్పుడూ అనను టీచరమ్మా. ఒట్టు."

"మీరు అనరు. మీ ఆవిడ అనదు. నూనె ఆవిడ అంటుంది. చర్చి వాళ్లంటారు. ప్రేమతోనే అంటారు. నేను మళ్లీ రోజూ సాయంత్రం ఇల్లు వెతుక్కోవాలి." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే ఆయనకి కాస్త నయంగా ఉండేది. "ఈ వయసులో నా వల్ల కాదు సార్. ఇక్కడ గుంతలున్నాయి, నీళ్లు దూరం, దోమలు. కానీ పడుకున్నచోటే లేస్తున్నాను."

"జీతం ఉండదు. పింఛను ఉండదు. ఇక్కడ ఏం పెట్టుకుని బతుకుతారు?"

"అరటికాయలు," అంది ఆమె.

అఫియోంగ్ వచ్చి ఆయనకి వేరుశనగ అమ్మింది. అఫియోంగ్ కూతురు వెళ్లిపోతున్న మోటారు సైకిల్ నంబరు పైకి చదివింది. ఒక అంకె తప్పు చదివితే అరిట్ సరిదిద్దింది.

జనవరిలో అరిట్ ముందుగది ఖాళీ చేసి బడి పెట్టింది. పద్నాలుగేళ్లు నడిపింది. ఆ బడికి డిసెంబర్ సెలవులు ఇవ్వలేదు.